కొండ పరుగుతో స్ప్రింట్ స్పీడ్, కాళ్ల బలం పెంచుకోవడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో హిల్ రన్నింగ్ గురించి, అంటే ఎత్తు ఎక్కుతూ పరిగెత్తడం గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా పోలీస్ ఈవెంట్స్‌కి తయారవుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, స్కూల్లో కాలేజీలో 100 మీటర్లు, 200 మీటర్లు పరిగెత్తేవాళ్లు ఇది చివరిదాకా చూడండి. జిమ్‌కి వెళ్లడానికి డబ్బు లేదు, ఊళ్లో సింథటిక్ ట్రాక్ లేదు అనుకునేవాళ్లకి ఇది మరీ ఎక్కువగా పనికొస్తుంది.

ముందు ఒక లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం 100 మీటర్లకి జనరల్ అభ్యర్థులకు 15 సెకన్లు, మహిళలకు 18 సెకన్లు. 1600 మీటర్లకి మగవాళ్లకు 8 నిమిషాలు, మహిళలకు పదిన్నర నిమిషాలు. తెలంగాణలో అదే ఏడాది నియామకాల్లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. మీరు రాసే నోటిఫికేషన్‌లో మార్పులు ఉండొచ్చు కాబట్టి, అది తెరిచి మీ అంకెలు మీరే చూసుకోండి.

100 మీటర్లు 15 సెకన్లలో అంటే సెకనుకి 6.67 మీటర్లు. గంటకి 24 కిలోమీటర్ల వేగం. 1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే గంటకి 12 కిలోమీటర్లే. సరిగ్గా సగం! చాలామంది రోజూ తెల్లారుజామున లేచి 4, 5 కిలోమీటర్లు పరిగెడతారు. 1600 మీటర్లు వచ్చేస్తుంది. 100 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 15.8, 16.2 దగ్గర ఆగిపోతారు. ఎందుకంటే వాళ్ల ప్రాక్టీస్‌లో 24 కిలోమీటర్ల వేగం ఎప్పుడూ లేదు. కాళ్లకి ఆ పని నేర్పనే లేదు. ఆ లోటు తీర్చడానికి చేతికి అందే సాధనం కొండ వాలు. అయితే దాన్ని ఎలా వాడాలో తెలియకపోతే కొండ మీద కూడా దమ్ము పెరుగుతుంది కానీ స్పీడ్ పెరగదు. ఈ రోజు చెప్పేదంతా ఆ ఒక్క తేడా గురించే.

వాలు మీద కాళ్లకి ఏం జరుగుతుంది?

70 కిలోల మనిషి 10 శాతం వాలు మీద 30 మీటర్లు పరిగెత్తాడు అనుకోండి. అతను సుమారు 3 మీటర్ల ఎత్తు ఎక్కుతాడు. అంటే దాదాపు ఒక అంతస్తు. అది 6 సెకన్లలోపు! తన ఒంటి బరువుని తనే అంత వేగంగా పైకి తోసుకోవాలి. ఆ పని ఎవరు చేస్తారు? పిరుదుల కండరాలు, తొడ ముందు కండరాలు, పిక్కలు. బార్‌బెల్ భుజం మీద పెట్టుకుని గుంజీళ్లు తీసినప్పుడు పనిచేసేవి కూడా ఇవే. కాకపోతే ఇక్కడ పరుగు భంగిమలోనే, ఒక్కో కాలు విడివిడిగా పనిచేస్తుంది. అందుకే ఈ బలం నేరుగా పరుగులోకి వస్తుంది.

రెండోది, వాలు మనకి ఫామ్ నేర్పుతుంది. 100 మీటర్లలో మొదటి 30, 40 మీటర్లు వేగం పెంచుకునే భాగం. అక్కడ శరీరం కొంచెం ముందుకి వాలి ఉండాలి, కాలు నేలని వెనక్కి తన్నాలి. చదును నేల మీద కొత్తవాళ్లు స్టార్ట్ అవ్వగానే నిటారుగా లేచిపోతారు. అడుగు బాగా ముందుకి చాచి మడమ మీద దిగుతారు. మడమ అలా ముందు పడిందంటే అది బ్రేక్ వేసినట్టే. వాలు మీద ఇలా చేయడం కష్టం. నేలే ముందు నుంచి పైకి లేచి ఉంటుంది కాబట్టి మోకాలు ఎత్తక తప్పదు, పాదం ముందు భాగం మీద దిగక తప్పదు. కోచ్ పక్కన నిలబడి వందసార్లు చెప్పే మాటని వాలు నోరు తెరవకుండా చేయిస్తుంది.

మూడోది, దెబ్బల భయం కొంత తక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు పాదం కింద నేల తొందరగా తగులుతుంది కాబట్టి దిగే అదురు తగ్గుతుంది. వేగం కూడా చదును నేల మీద కంటే తక్కువే ఉంటుంది. అందువల్ల తొడ వెనక కండరం, అదే హామ్‌స్ట్రింగ్, పూర్తి స్పీడ్‌లో సాగినంతగా ఇక్కడ సాగదు. స్ప్రింటర్లకి పట్టేసేది, చిరిగేది ఎక్కువగా ఆ కండరమే. అయితే ఇంకో వైపు చూడండి, పిక్కలకి, మడమ పైన ఉండే అకిలిస్ టెండన్‌కి వాలు మీద పని పెరుగుతుంది. ఆ సంగతి జాగ్రత్తల దగ్గర చెప్పుకుందాం.

ఇది కొత్త పద్ధతి కాదు

న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ ఉండేవారు. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం, 1964 టోక్యోలో 800, 1500 రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు. లిడియార్డ్ ముందు నెలల తరబడి దూరం పరుగులు పెట్టించేవారు. ఆ తర్వాత కొన్ని వారాలు కొండ వాలు మీద గెంతుతూ, మోకాళ్లు ఎత్తుతూ పరిగెత్తించేవారు. ఆ తర్వాతే ట్రాక్ మీద స్పీడ్ పని. చూడండి, దూరానికీ వేగానికీ మధ్య కొండని ఒక మెట్టులా వాడారు. కొండని చివరి మెట్టు చేయలేదు. ఈ వరుస గుర్తుపెట్టుకోండి, మన ప్లాన్‌లో కూడా ఇదే వస్తుంది.

అందరూ చేసే పొరపాటు

మామూలుగా ఏం చేస్తారంటే, గుట్ట దగ్గరికి వెళ్లి 150, 200 మీటర్లు పైకి పరిగెడతారు. జాగింగ్ చేస్తూ దిగుతారు. వెంటనే మళ్లీ పైకి. ఇలా 10 సార్లు. ఒళ్లంతా చెమట, ఊపిరి ఆడదు, కాళ్లు వణుకుతాయి. "ఈ రోజు బాగా కష్టపడ్డాం" అనే తృప్తి ఉంటుంది. కష్టపడిన మాట నిజమే. కానీ మూడో రౌండ్ నుంచే వేగం పడిపోయింది. నాలుగు నుంచి పది దాకా మీరు ప్రాక్టీస్ చేసింది నెమ్మదిగా పరిగెత్తడం!

దీని వెనక కారణం ఉంది. పూర్తి బలంతో పరిగెత్తినప్పుడు మొదటి కొన్ని సెకన్లకి కండరం తనలో దాచుకున్న ఫాస్ఫోక్రియాటిన్ అనే ఇంధనాన్ని ఎక్కువగా వాడుతుంది. 6 నుంచి 10 సెకన్లలో అది చాలావరకు అయిపోతుంది. మళ్లీ నిండాలంటే 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది. ఫోన్ ఛార్జింగ్ లాంటిదే అనుకోండి. 10 శాతం ఎక్కగానే పీకేసి వాడితే ఎంతసేపు వస్తుంది?

అందుకని రెండు రకాల కొండ పరుగులు ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. మొదటిది స్పీడ్ కోసం: 4 నుంచి 7 సెకన్లు, పూర్తి బలం, పూర్తి విశ్రాంతి. రెండోది 1600 మీటర్ల దమ్ము కోసం: 30 నుంచి 45 సెకన్లు, గట్టిగా పరిగెత్తాలి కానీ ప్రాణం పెట్టి కాదు, నెమ్మదిగా జాగింగ్ చేస్తూ దిగడమే విశ్రాంతి. రెండూ మంచివే. ఒకే రోజు ఒకదానిలో ఒకటి కలిపేస్తేనే రెండూ పాడవుతాయి.

ఎలాంటి వాలు కావాలి?

స్పీడ్ కోసం 7 నుంచి 10 శాతం వాలు సరిపోతుంది. ఎలా కొలవాలి? 1 మీటరు పొడవున్న తిన్నని కర్ర తీసుకోండి. ఒక చివర వాలు మీద పైవైపు ఆనించండి. రెండో చివర కిందివైపు గాల్లో ఉంచి, కర్ర సమంగా ఉండేలా పట్టుకోండి. సగం నీళ్లున్న సీసా కర్ర మీద పడుకోబెడితే సమంగా ఉందో లేదో తెలిసిపోతుంది. ఇప్పుడు కింది చివర నుంచి నేలకి ఎన్ని సెంటీమీటర్లు ఉందో చూడండి. 8 సెంటీమీటర్లు ఉంటే 8 శాతం వాలు. ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటే 4 నుంచి 6 డిగ్రీలు చూపించాలి.

మరీ నిటారుగా ఉంటే అడుగులు చిన్నవైపోతాయి, నడుం వంగిపోతుంది. అది ఎక్కడం అవుతుంది కానీ పరుగు అవ్వదు.

విశాఖ వాళ్లకి, హైదరాబాద్ వాళ్లకి, మన్యం వాళ్లకి వాలు వెతుక్కోవాల్సిన పని లేదు. మరి గోదావరి, కృష్ణా డెల్టాలో అంతా చదునే కదా అంటారా? చెరువు కట్ట, కాలువ గట్టు చూడండి. గట్టు పక్క వాలు బాగా నిటారుగా ఉంటుంది, అది వద్దు. గట్టు మీదకి ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు ఎక్కడానికి వేసిన దారి ఉంటుంది చూశారా, అది సరిగ్గా సరిపోతుంది. 20 మీటర్లు దొరికినా చాలు. ఫ్లైఓవర్, రైల్వే బ్రిడ్జి ఎక్కే రోడ్డు మాత్రం వద్దండీ. వాలు మామూలుగా 3, 4 శాతమే ఉంటుంది, పైగా చీకట్లో లారీల మధ్య పరుగు. ఉద్యోగం కోసం పరిగెడుతూ ప్రాణం మీదకి తెచ్చుకోవద్దు.

నేల గట్టి మట్టి అయితే మేలు. తారు రోడ్డయినా ఫరవాలేదు. గులకరాళ్లు జారే చోట, వానకి తడిసిన బంకమట్టి మీద అసలు వద్దు.

ఎలా పరిగెత్తాలి?

ముందు 10, 15 నిమిషాలు వార్మప్. నెమ్మదిగా జాగింగ్, మోకాళ్లు ఎత్తుతూ నడక, కాళ్లు ముందుకి వెనక్కి ఊపడం, ఆ తర్వాత అదే వాలు మీద రెండు మూడు సార్లు సగం వేగంతో పరుగు. చలికాలం ఉదయం అయితే ఇంకో 5 నిమిషాలు కలపండి.

ఇక స్టార్ట్. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక. శరీరాన్ని చీలమండ దగ్గర నుంచి మొత్తంగా ముందుకి వాల్చండి. నడుం దగ్గర మడవకండి. చూపు 5, 6 మీటర్ల ముందు నేల మీద. మొదటి అడుగే గట్టిగా వెనక్కి తన్నండి. చేతులు మోచేతి దగ్గర మడిచి, గడ్డం ఎత్తు నుంచి జేబు దాకా బలంగా ఊపండి. వాలు మీద చేతులు ఎంత బలంగా ఊపితే కాళ్లు అంత బలంగా తంతాయి. అడుగు చాచొద్దు, పాదం మీ ఒంటి కిందే పడాలి. పిడికిలి, దవడ బిగించొద్దు.

పైకి చేరాక నెమ్మదిగా నడుస్తూ దిగండి. పరిగెడుతూ దిగొద్దు. దిగే పరుగులో తొడ ముందు కండరం సాగుతూనే బరువు ఆపాలి, మర్నాడు నొప్పులన్నీ దానివల్లే ఎక్కువ వస్తాయి. విశ్రాంతికి సులువైన లెక్క ఒకటుంది: పరిగెత్తిన ప్రతి 10 మీటర్లకి 1 నిమిషం. 30 మీటర్లకి 3 నిమిషాలు. మొదట్లో ఖాళీగా నిలబడినట్టు అనిపిస్తుంది. నిలబడండి, నడవండి, మంచినీళ్లు ఒక గుక్క తాగండి. ఆ 3 నిమిషాలు కూడా ట్రైనింగే.

ఎప్పుడు ఆపాలి? ఒక చిన్న ఉపాయం. స్నేహితుడికి స్టాప్‌వాచ్ ఇచ్చి 5 సెకన్లకి ఈల వేయమనండి. ఈల వినపడినప్పుడు మీరు ఎక్కడున్నారో అక్కడ ఒక రాయి పెట్టించండి. తర్వాత ప్రతి పరుగులో ఆ రాయి దగ్గరికి చేరాలి. రెండు మీటర్లు వెనకబడ్డారంటే ఆ రోజుకి అయిపోయినట్టే. ఇంకా రెండు మిగిలాయి కదా అని లాగొద్దు. షూ విప్పేయండి.

8 వారాల ప్లాన్

వారానికి 2 రోజులే కొండ. మధ్యలో కనీసం 2 రోజుల తేడా. ఉదాహరణకి మంగళవారం, శుక్రవారం.

1, 2 వారాలు: 20 మీటర్లు, 6 సార్లు. బలంలో 80, 85 శాతం మాత్రమే. పిక్కలకి అలవాటు చేయడమే పని.

3, 4 వారాలు: 30 మీటర్లు, 6 నుంచి 8 సార్లు, పూర్తి బలంతో.

5, 6 వారాలు: కొండ మీద 30 మీటర్లు 5 సార్లు. 5 నిమిషాలు ఆగి, చదును నేల మీద 40 మీటర్లు 3 సార్లు. వాలు దిగి చదును మీదకి వచ్చాక కాళ్లు తేలిగ్గా అనిపిస్తాయి. ఆ తన్నుడుని చదును మీదకి తెచ్చుకోవాలి.

7వ వారం: కొండ ఒక్కరోజే, 4 సార్లు. రెండో రోజు మొత్తం చదును మీద 60 మీటర్లు 4, 5 సార్లు.

8వ వారం: కొండ లేదు. చదును మీద స్టార్ట్‌లు, ఒకటి రెండు 80 మీటర్ల పరుగులు, మిగతా రోజులు విశ్రాంతి.

1600 మీటర్లు కూడా ఉన్నవాళ్లు ఇంకో రోజు తీసుకుని, 30 నుంచి 45 సెకన్ల పొడవు కొండ పరుగు 6 సార్లు పెట్టుకోండి. దానికి 4, 5 శాతం వాలు చాలు. స్పీడ్ రోజుకి ముందు రోజు మాత్రం పెట్టొద్దు. లాంగ్ జంప్ ఉన్నవాళ్లకి వేరే కొండ పని అక్కర్లేదు. టేకాఫ్‌లో నేలని తన్నే బలం ఇదే.

5వ వారం నుంచి చదును ఎందుకు కలిపామో అర్థమైందా? కొండ మీద పాదం నేల మీద ఎక్కువసేపు ఉంటుంది. ఫుల్ స్పీడ్‌లో చదును మీద పాదం నేలని తాకి చటుక్కున లేచిపోవాలి. ఆ గుణం కొండ నేర్పదు. చివరిదాకా కొండే పట్టుకుని వేలాడితే మొదటి 30 మీటర్లు అదిరిపోతాయి, ఆ తర్వాత పరుగు బరువెక్కుతుంది. లిడియార్డ్ కొండ తర్వాత ట్రాక్ పెట్టింది కూడా అందుకే.

ప్రతి 2 వారాలకి ఒకసారి చదును మీద 30 మీటర్లు, 100 మీటర్లు టైమ్ చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒకే చోట, ఒకే సమయంలో, అవే షూలతో. 30 మీటర్ల టైమ్ తగ్గుతూ 100 టైమ్ తగ్గకపోతే, మీకు కావాల్సింది ఇంకా కొండ కాదు, చదును మీద 60 మీటర్ల పరుగులు.

ఎక్కువగా అడిగే ప్రశ్నలు

మెట్లు ఎక్కితే సరిపోదా? సింహాచలం మెట్లు ఎక్కినా కాళ్ల బలం వస్తుంది. కానీ మెట్ల మీద అడుగు పొడవు మెట్టే నిర్ణయిస్తుంది, మీరు కాదు. పైగా పూర్తి వేగంతో తట్టుకుంటే పళ్లు రాలతాయి. బలానికి సరే, స్ప్రింట్‌కి వాలే మంచిది.

బీచ్ ఇసుకలో పరిగెత్తొచ్చా? పరిగెత్తొచ్చు, కష్టంగానూ ఉంటుంది. కానీ ఇసుక పాదం కింద జారిపోతుంది, తన్నిన బలం తిరిగి రాదు. గట్టి వాలు దొరికితే దానికే ఓటు.

చెప్పులు, షూలు లేకుండా? చిన్నప్పటి నుంచి అలవాటు ఉండి, నేల శుభ్రంగా ఉంటే మీ ఇష్టం. కొత్తగా మాత్రం ఇక్కడ మొదలుపెట్టొద్దు. మడమ భాగం మరీ మందంగా లేని, పట్టు ఉన్న మామూలు షూ చాలు.

అమ్మాయిలకి వేరే ప్లాన్ కావాలా? అక్కర్లేదమ్మా, ఇదే ప్లాన్, మీ స్పీడ్‌తో. మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 100 మీటర్లు 13.09 సెకన్లలో పూర్తి చేసి స్వర్ణం గెలిచారు. అది కూడా మధ్యలో 10 హర్డిల్స్ దాటుతూ! ఆ స్థాయి వేరు, ఆ ఏళ్ల శ్రమ వేరు. కానీ హర్డిల్స్ లేని 100 మీటర్లకి 18 సెకన్లు అంటే భయపడాల్సిన అంకె కాదని మాత్రం తెలుసుకోండి.

జాగ్రత్తలు

మొదటి రెండు వారాలు పిక్కలు పట్టేస్తాయి, అది మామూలే. కానీ మడమ పైన ఆ తాడులాంటి చోట ఉదయం లేవగానే బిగుసుకుపోయి, నొక్కితే నొప్పి ఉంటే, నొప్పి పూర్తిగా తగ్గేదాకా కొండ ఆపేయండి. ముంగాలు ఎముక మీద ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి ఉంటే పరుగు ఆపి డాక్టర్‌కి చూపించండి. ఎముకలో సన్నని పగులు అలాగే మొదలవుతుంది. దాని మీద పరిగెడితే ఆ నోటిఫికేషన్ మొత్తం పోతుంది. పరిగెడుతుండగా తొడ వెనక ఎవరో రాయితో కొట్టినట్టు అనిపిస్తే అక్కడే ఆగిపోండి, ఇంకో అడుగు వద్దు.

ఎండాకాలం 7 గంటలలోపు ముగించండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ ఆగకపోవడం ఉంటే ఎక్సర్‌సైజ్ సంగతి తర్వాత, ముందు ఆసుపత్రి. ఒంటి బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్లు, కొన్నేళ్లుగా పరుగు వదిలేసినవాళ్లు మొదటి 3 వారాలు వాలు మీద వేగంగా నడవండి చాలు. తర్వాత 1వ వారం మొదలుపెట్టండి.

ఇంకో మాట. ఈవెంట్స్ డేట్ వచ్చాక 10 రోజుల ముందు ఈ వీడియో చూసి కొండ ఎక్కొద్దు. ఆ పది రోజుల్లో బలం రాదు, నొప్పులు మాత్రం వస్తాయి. రాత పరీక్ష చదువుతున్నప్పుడే వారానికి రెండు రోజులు, గంట చొప్పున మొదలుపెడితే, పిలుపు వచ్చేసరికి కాళ్లు సిద్ధంగా ఉంటాయి.

మొత్తం ఒక్క మాటలో చెప్పాలంటే: తక్కువ దూరం, పూర్తి బలం, పూర్తి విశ్రాంతి, వేగం పడిపోగానే ఇంటికి. చివరి వారాల్లో ఆ బలాన్ని చదును మీదకి తెచ్చుకోండి. రేపు ఉదయం చేయాల్సింది ఒక్కటే, ఒక కర్ర, ఒక నీళ్ల సీసా పట్టుకుని మీ ఊళ్లో 8 శాతం వాలు ఎక్కడుందో వెతకండి. మీతో పాటు తయారవుతున్నవాళ్లని కూడా తీసుకెళ్లండి, ఈల వేయడానికి, రాయి పెట్టడానికి ఎలాగూ ఒకరు కావాలి కదా.

మీ 30 మీటర్ల టైమ్ ఎంత వచ్చిందో, ఏ వారంలో ఎక్కడ ఇబ్బంది అయిందో రాయండి, వాటి మీదే ఇంకో ఎపిసోడ్ చేద్దాం.